టెక్ సందేహాలు: హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి, సెల్ఫ్ మాత్రం తీసుకోవడం లేదు

సందేహం: మాది సోంపేట దగ్గర సముద్రం పక్క ఊరు. మా నాన్నగారు ముచ్చటపడి కొనుక్కున్న 1984 మోడల్ పెట్రోల్ అంబాసిడర్ తిత్లీ తుఫాను వచ్చిన ఏడాది నుంచి షెడ్డులోనే ఉంది. మొన్న కొత్త బ్యాటరీ వేయించాం. హెడ్‌లైట్లు బాగా వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది. తాళం తిప్పితే మాత్రం ‘టక్’మని ఒక్క శబ్దం, అంతే. సెల్ఫ్ మోటారు పోయిందని, కొత్తది విశాఖ నుంచి తెప్పించాలని అంటున్నారు. మార్చాల్సిందేనా?

జవాబు: అప్పుడే మార్చకండి. తిత్లీ వచ్చింది 2018 అక్టోబరులో. అప్పటి నుంచి ఉప్పుగాలికి నిలబడి ఉన్న బండిలో మోటారు కంటే ముందు చెడేవి వైర్ల జాయింట్లు. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే నాకు మొదటి అనుమానం ఇంజిన్ ఎర్త్ మీదే, అంటే ఇంజిన్ నుంచి కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి మీదే.

లైట్లు వెలిగాయి కాబట్టి కరెంటు సరిగ్గా అందుతోందని చాలామంది అనుకుంటారు. రెండు హెడ్‌లైట్లు కలిపి తీసుకునేది 9, 10 ఆంపియర్లు. సెల్ఫ్ మోటారు ఇంజిన్‌ను తిప్పాలంటే 150 ఆంపియర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే కావాలి. ఏదో ఒక జాయింటులో చిలుము పట్టి 0.02 ఓమ్‌ల నిరోధం వచ్చిందనుకుందాం. ఆ జాయింటు నుంచి లైట్ల కరెంటు వెళ్తే 0.2 వోల్టులు పోతాయి, కంటికి తేడా తెలీదు. అదే జాయింటు నుంచి 150 ఆంపియర్లు వెళ్లాలంటే 3 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. పైగా మీ లైట్లకు బాడీ ఎర్త్ చాలు. మోటారు ఇంజిన్‌కు బిగించి ఉంటుంది, ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. బాడీకీ ఇంజిన్‌కీ మధ్య కరెంటు తిరిగి రావడానికి అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది. సముద్రం పక్క ఊళ్లలో ముందు చెడేది అదే. పైకి బాగానే కనిపిస్తుంది. బోల్టు విప్పితే కింద పచ్చటి చిలుము, తుప్పు రేకులు.

మీటరు పట్టుకునే ముందు ఒక పని తప్పనిసరి. ఇంజిన్ చేత్తో తిరుగుతోందా, బిగుసుకుపోయిందా చూడాలి. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రోజు వదిలేయండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, డిక్కీలో హ్యాండిల్ ఉంటే దానితో మెల్లగా తిప్పండి. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, హ్యాండిల్‌ను చుట్టి పట్టుకోవద్దు. కింద నుంచి పైకి లాగాలే తప్ప పైనుంచి తొయ్యకూడదు. ఎదురుదెబ్బ కొడితే మణికట్టు విరుగుతుంది. ఎంతకీ కదలకపోతే బలవంతం చెయ్యకండి. అప్పుడు సమస్య సెల్ఫ్‌ది కాదు, ఇంజిన్‌ది. మంచి మెకానిక్ చూడాల్సిందే.

తిరిగిందంటే సగం టెన్షన్ తీరినట్టే. ఇంజిన్ అనుకోకుండా స్టార్ట్ కాకుండా ఇగ్నిషన్ కాయిల్‌కు వచ్చే సన్న వైరు తీసెయ్యండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టండి. మామూలు డిజిటల్ మల్టీమీటరు చాలు, 20 వోల్టుల డీసీ రేంజిలో పెట్టండి. తాళం తిప్పడానికి ఇంకొకరు కావాలి. ఒక్కోసారి అయిదు సెకన్లకు మించి తిప్పొద్దు, మధ్యలో ఒక నిమిషం ఆగండి.

ముందు బ్యాటరీ రెండు పోస్టుల మీద కొలవండి. నిండా చార్జింగ్ ఉంటే 12.6 చూపిస్తుంది. తాళం తిప్పినప్పుడు 6, 7కి పడిపోతే బ్యాటరీ బలహీనంగా ఉండొచ్చు, లేదా మోటారు ఇరుక్కుని కరెంటంతా లాగేస్తూ ఉండొచ్చు. పెద్దగా పడకుండా 12 దగ్గరే నిలిచిందంటే అసలు కరెంటే పారడం లేదు, దారిలో ఎక్కడో అడ్డం ఉంది.

ఇప్పుడు అసలైన పరీక్ష. మీటరు ఒక వైరు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండోది ఇంజిన్ మీద గీకి మెరిపించిన ఇనుము మీద. తాళం తిప్పించండి. 0.3 వోల్టుల లోపు ఉండాలి. రెండు మూడు వోల్టులో, అంతకన్నా ఎక్కువో వస్తే దొంగ దొరికినట్టే. ఇంకా నమ్మకం కుదరకపోతే, జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని ముందు ఇంజిన్ ఇనుముకి, తర్వాత బ్యాటరీ నెగటివ్‌కి తగిలించి మళ్లీ తాళం తిప్పండి. మోటారు తిరిగిందా, మార్చాల్సింది ఆ రాగి పట్టీ ఒక్కటే. ఎర్త్ పూర్తిగా పోయిన బండిలో కరెంటు చోక్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. తాళం తిప్పాక ఆ కేబుల్ వేడెక్కినా, పొగ వచ్చినా వెంటనే ఆపెయ్యండి.

పాజిటివ్ వైపు కూడా ఇలాగే, బ్యాటరీ పాజిటివ్ పోస్టు నుంచి మోటారు టెర్మినల్ దాకా కొలవాలి. అర వోల్టు దాటకూడదు. ‘టక్’ వినబడుతున్నా ఇక్కడ 12 చూపిస్తే సోలినాయిడ్ (తాళం తిప్పగానే మోటారుకు కరెంటు కలిపే స్విచ్చి) లోపలి కాంటాక్టులు కాలిపోయాయన్నమాట, లేదా ఆ దారిలో జాయింటు ఏదో పూర్తిగా విడిపోయింది.

శుభ్రం చేసేటప్పుడు ముందు నెగటివ్ క్లాంపు విప్పాలి, బిగించేటప్పుడు దాన్ని ఆఖర్న పెట్టాలి. క్లాంపు లోపలి వైపు, బోల్టు కింద, బాడీ పెయింటు కింద, అన్నిచోట్లా ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్దండి. తెల్లటి పొడి ఉంటే వంట సోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆరబెట్టండి. గట్టిగా బిగించాకే పైన వాజ్‌లైన్ రాయండి. మీ ఊరి గాలికి ఈ పూత చాలా అవసరం.

ఇవన్నీ సరిగ్గా ఉండి, మోటారు దగ్గర 11 వోల్టులు అందుతున్నా కదలకపోతే అప్పుడు మోటారు విప్పించండి. అప్పుడు కూడా కొత్తది కొనక్కర్లేకపోవచ్చు. చాలాకాలం కదలని మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు గూళ్లలో ఇరుక్కుపోతాయి, అవి రాసుకునే కమ్యుటేటర్ అనే రాగి భాగం నల్లబడుతుంది. సెల్ఫ్, డైనమో బాగుచేసే ఆటో ఎలక్ట్రీషియన్ కార్బన్లు, బుష్‌లు మార్చి ఇచ్చేస్తారు. ఆ పాత మోటారు నిలబెట్టుకోదగ్గది, పాత ఇనుముకి వెయ్యకండి.

సెల్ఫ్ తిరిగింది కదా అని వెంటనే రోడ్డెక్కించొద్దు. ట్యాంకులో పాత పెట్రోలు తీసేసి, రబ్బరు పైపులు మార్చి, బ్రేకులు చూపించాకే బయటికి తియ్యండి. 15 ఏళ్లు దాటిన బండి కాబట్టి ఆర్‌సీ గడువు కూడా చూసుకోండి. దాన్ని అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి.

సందేహం: విజయనగరం నుంచి రాస్తున్నాను. ఆరు నెలలు వదిలేసిన కారు బ్యాటరీకి స్మార్ట్ చార్జర్ పెడితే ఎర్రర్ చూపించి ఆగిపోతోంది. చార్జర్ పాడైందా?

జవాబు: చార్జర్ బాగానే ఉండొచ్చు. చాలా స్మార్ట్ చార్జర్లు బ్యాటరీ వోల్టేజి మరీ తక్కువగా ఉంటే దాన్ని బ్యాటరీగా గుర్తించవు. మంచి 12 వోల్టుల బ్యాటరీని జంపర్ కేబుళ్లతో, పాజిటివ్‌కి పాజిటివ్, నెగటివ్‌కి నెగటివ్ కలిపి కొన్ని నిమిషాలు ఉంచి, తర్వాత చార్జర్ పెట్టి చూడండి. గాలి ఆడే చోట, దగ్గరుండి చెయ్యండి. బ్యాటరీ వేడెక్కినా, ఉబ్బినా ఆపెయ్యాలి. చార్జింగ్ పూర్తయ్యాక ఒక రాత్రి వదిలేసి కొలవండి. 12.4 కంటే కిందికి జారితే లోపల ప్లేట్లు సల్ఫేట్ పట్టి ఉంటాయి. కొత్తది తీసుకోవడమే మేలు.