ఇంజిన్ తర్వాత చేయొచ్చు, ముందు ఒక పెట్టె చేయండి

మీరు అడిగింది ఏమిటంటే, చిత్తూరులో ఉంటూ, దగ్గర్లో హాబీ షాపు లేకుండా, మన రైళ్ల చిన్న మోడల్స్ ఇంట్లో చేసుకోవడం అయ్యే పనేనా, అయితే డబ్ల్యూఏపీ-7 అనే కరెంటు ఇంజిన్‌తో మొదలుపెట్టనా అని. అయ్యే పనే. ఇంజిన్‌తో మాత్రం మొదలుపెట్టకండి. నేను తిరుపతిలో ఉంటాను, చాలా ఏళ్లుగా ఇదే నా తీరిక పని, కాబట్టి నా టేబుల్ మీద నడిచినవే చెప్తాను.

ఇంజిన్ అంటే మోటారు, గేర్లు, కరెంటు, బరువు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఏదో ఒకటి సరిగా కుదరకపోతే అది కదలదు, ఎందుకు కదలడం లేదో కూడా తెలియదు, అక్కడితో విసుగొచ్చి చాలామంది వదిలేస్తారు. ప్రయాణికుల పెట్టె (కోచ్) అలా కాదు, చక్రాలు సాఫీగా తిరిగితే చాలు, మిగతాదంతా మీ చేతి పనే. అందుకే కొత్తగా వచ్చినవాళ్లకు నేను ఒకటే చెప్తాను: చక్రాలు కొనండి, బాడీ మీరే చేయండి. చక్రాలు, ఇరుసులు ఇంట్లో కచ్చితంగా రావు, వాటి మీద పంతం పట్టొద్దు. హెచ్‌ఓ స్కేల్ (అసలు రైలులో 87వ వంతు సైజు) మెటల్ చక్రాలు, ప్లాస్టిక్ ట్రాలీలు (చక్రాలు కూర్చునే ఫ్రేములు) ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

స్కేల్ విషయం ముందే తేల్చుకోవాలి. హెచ్‌ఓ అంటే 1:87, పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ., దాన్ని 87తో భాగిస్తే 19.3 దాకా వస్తుంది, అంటే హెచ్‌ఓ ట్రాక్ మీద మన పెట్టె పెడితే పట్టాలు దాదాపు 3 మి.మీ. దగ్గరగా ఉంటాయి. పక్కనుంచి చూస్తే తెలియదు, ఎదురుగా చూస్తే తెలుస్తుంది. పూర్తిగా సొంతంగా చేసుకునేవాళ్లు 1:100లో చేస్తే ఇదే 16.5 ట్రాక్ మన గేజ్‌కు దాదాపు సరిగ్గా సరిపోతుంది, లెక్క వేసి చూడండి. కానీ అప్పుడు బయట కొన్న మనుషుల బొమ్మలు, చక్రాలు, కప్లర్లు (పెట్టెలను కలిపే కొక్కేలు) అన్నీ కొంచెం పెద్దవిగా కనిపిస్తాయి. నేను 1:87కే కట్టుబడ్డాను, ఎందుకంటే కొనే ప్రతి వస్తువూ ఆ కొలతలోనే వస్తుంది. చిత్తూరు, పాకాల మీదుగా కాట్పాడి నుంచి తిరుపతి దాకా ఒకప్పుడు మీటర్ గేజే కదా, మీకు ఆ పాత రైళ్ల మీద ప్రేమ ఉంటే 12 మి.మీ. ట్రాక్ మీద హెచ్‌ఓఎం (హెచ్‌ఓలోనే మీటర్ గేజ్ రకం) చేయొచ్చు. 1000ని 87తో భాగిస్తే 11.5, చాలా దగ్గర. అది వేరే లోకం, ఇంకోసారి మాట్లాడుకుందాం.

మొదటిదిగా నీలం రంగు ఐసీఎఫ్ (చెన్నైలోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ డిజైను) స్లీపర్ పెట్టె తీసుకోండి. బాడీ పొడవు 21,337 మి.మీ., వెడల్పు 3,245. మోడల్‌లో అవి 245, 37 మి.మీ. అవుతాయి. రెండు ట్రాలీల మధ్య, వాటి కేంద్రాల దూరం 14,783, అంటే 170 మి.మీ. ట్రాలీలో రెండు ఇరుసుల మధ్య 2,896, అంటే 33. చక్రం 915, అంటే పదిన్నర. ఈ నాలుగైదు అంకెలు గోడ మీద రాసి పెట్టుకుంటే సగం పని అయినట్టే. కొత్త రకం ఎల్‌హెచ్‌బీ పెట్టె పొడవు 23,540, ఇంకా పొడుగు. దాని సంగతి తర్వాత చూద్దాం.

ఇక మిగతా కొలతలు, అమరికలు ఎక్కడ దొరుకుతాయంటే స్టేషన్లోనే. ప్లాట్‌ఫాం మీద నిలబడి పక్కనున్న రైలును ఫోటో తీస్తే ప్లాట్‌ఫాం ఎత్తు కింది భాగాన్నంతా దాచేస్తుంది, బ్యాటరీ పెట్టెలు, బ్రేకు సిలిండర్లు, ఆల్టర్నేటర్ ఏవీ కనబడవు. మధ్యలో ఒక ఖాళీ ట్రాక్ ఉండేలా అవతలి ప్లాట్‌ఫాం మీద నిలబడండి, అప్పుడు కింద భాగం మొత్తం కనిపిస్తుంది. పైకప్పు కోసం ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఎక్కండి. పైన వెంటిలేటర్లు ఎలా వరసగా ఉన్నాయో, వాటి మధ్య దూరమెంతో అక్కడినుంచి మాత్రమే తెలుస్తుంది. నేను రేణిగుంటలో ఎక్కువ చూస్తాను, అక్కడ గూడ్సు కూడా ఆగి ఉంటుంది కాబట్టి బాక్స్‌ఎన్ వ్యాగన్లు (పైకప్పు లేని గూడ్సు పెట్టెలు) తీరిగ్గా చూసుకోవచ్చు. ఫోటో తీసేముందు అక్కడున్న సిబ్బందితో ఒక మాట చెప్పండి, పట్టాల మీదికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లో దిగొద్దు. ఫోటో పెట్టెకు సరిగ్గా ఎదురుగా తీస్తే, ట్రాలీ ఇరుసుల మధ్య దూరం 2,896 అని తెలుసు కాబట్టి దాన్నే స్కేలుగా పెట్టుకుని తలుపు వెడల్పు, కిటికీ ఎత్తు లాంటివన్నీ కంప్యూటర్లో లెక్కకట్టొచ్చు. చెన్నై వెళ్తే పెరంబూరు దగ్గర ఐసీఎఫ్ వాళ్ల రైల్ మ్యూజియం ఉంది, పెట్టె చుట్టూ తిరిగి దగ్గరగా చూడొచ్చు.

సామాను గురించి దిగులొద్దు. గోడలకు 1 మి.మీ., 0.5 మి.మీ. స్టైరీన్ లేదా ఏబీఎస్ ప్లాస్టిక్ షీట్ ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. అడుగున ఉండే బ్యాటరీ పెట్టెల్లాంటివి, లోపలి పార్టిషన్లు, తలుపులకు ఐడీ కార్డులు ప్రింట్ చేసే షాపులో తెల్ల పీవీసీ కార్డులు అడగండి, మందం 0.76 మి.మీ., చక్కగా కోయబడతాయి. నిజంగా మీకు పనికొచ్చే షాపు కంసాలి పనిముట్లు అమ్మేది. సన్న ఆకురాళ్లు, నగల రంపం, సన్న పట్టకార్లు, అర మిల్లీమీటరు డ్రిల్ బిట్లు అన్నీ అక్కడే ఉంటాయి, తిరుపతిలోనూ చిత్తూరులోనూ ఇలాంటివి ఉన్నాయి. మోటారు వైండింగ్ చేసేవాళ్ల దగ్గర ఎనామిల్ పూసిన సన్న రాగి తీగ కొంచెం అడిగితే ఇస్తారు, తలుపు పక్కన పట్టుకునే కడ్డీలకు అంతకన్నా మంచిది నాకు దొరకలేదు. షీట్‌ను అతికించే సాల్వెంట్ మాత్రం కిటికీలు తీసి, ఫ్యాను వేసుకుని వాడండి, ఆ ఆవిరి ఒంటికి మంచిది కాదు.

ఇప్పుడు కిటికీలు. స్లీపర్ పెట్టెను స్లీపర్ పెట్టెలా కనిపించేలా చేసేది కిటికీల్లో ఉండే అడ్డ కడ్డీలే, రంగు కాదు. అసలు కడ్డీ మందాన్ని 87తో భాగిస్తే వెంట్రుక కన్నా కాస్త లావుగా వస్తుంది, దాన్ని తీగతో చేయబోతే లావైపోయి జైలు ఊచల్లా ఉంటుంది. నేను చేసేది ఇదీ: పాత ఓహెచ్‌పీ షీట్ పలుచటి పారదర్శక ముక్క తీసుకుని, స్టీలు స్కేలు ఆనించి, కొత్త బ్లేడు మొనతో ఒత్తిడి లేకుండా ఒక్కసారి మాత్రమే గీస్తాను. షీట్ తెగకూడదు, గాడి పడాలి. కిటికీకి కావలసినన్ని గీతలు గీశాక బూడిద రంగు యాక్రిలిక్ వేలితో రుద్ది, ఆరకముందే గుడ్డతో గీతలకు అడ్డంగా తుడిచేస్తాను. పైన ఉన్న రంగు పోయి గాడిలో ఉన్నది నిలుస్తుంది. వెలుతురుకు పట్టి చూస్తే కడ్డీలు వరసగా, సన్నగా, అన్నీ ఒకే దూరంలో. ఎమర్జెన్సీ కిటికీకి మాత్రం బూడిద బదులు ఎరుపు. కొన్ని కిటికీల వెనక షట్టర్ సగానికి దించినట్టు చిన్న ముక్క అతికించండి, ఏ రైల్లోనూ షట్టర్లన్నీ ఒకే ఎత్తులో ఉండవు కదా. ఈ షీట్‌ను లోపల అతికించేటప్పుడు ఫెవిక్విక్ వాడకండి, దాని ఆవిరి తగిలి పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్లగా మసక పేరుకుంటుంది, అది పోదు. మామూలు ఫెవికాల్ చాలు, ఆరితే కనిపించదు కూడా.

బరువు మరిచిపోవద్దు. తేలికైన పెట్టె మలుపుల్లో పట్టాలు తప్పుతుంది. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ హెచ్‌ఓకి ఒక లెక్క ఇచ్చింది, మొదట ఒక ఔన్సు, తర్వాత అంగుళానికి అర ఔన్సు. 245 మి.మీ. పెట్టెకు అది 165 గ్రాములు అవుతుంది. నేను పెట్టె లోపలి నేలకు ఆనేంత కిందుగా, ట్రాలీల పైన సమానంగా ఇనుప నట్లు అతికిస్తాను. మలుపులు కూడా చూసుకోవాలి, పెట్టె పొడవుకు మూడింతలైనా వ్యాసార్ధం ఉంటే మంచిది, అంటే 735 మి.మీ. రెడీమేడ్ రైలు సెట్లలో వచ్చే గుండ్రటి ట్రాక్ చాలా చిన్నది, అక్కడ మన పొడుగు పెట్టెల చివరలు పక్కకు వేలాడుతూ ఒకదానితో ఒకటి తగులుకుంటాయి. ట్రాక్ వేయడానికి స్థలం లేకపోతే గోడ మీద ఒక షెల్ఫు మీద తిన్నగా వేసుకోండి, తప్పేం లేదు.

రంగు వేసేముందు మీ పెట్టె ఏ కాలంలోదో నిర్ణయించుకోండి, నేను గట్టిగా పట్టించుకునేది దీన్నే. 1990లకు ముందు మెరూన్, తర్వాత నీలం, 2018లో ఉత్కృష్ట్ అనే రైల్వే పథకంతో (పాత పెట్టెలను మెరుగుపరిచేది) లేత క్రీము, మెరూన్ వచ్చాయి. బయో టాయిలెట్ ట్యాంకులు 2010 తర్వాతవి, పెట్టె రెండు చివర్లలో టాయిలెట్ల కింద కనిపిస్తాయి. పాత మెరూన్ పెట్టెకు ఆ ట్యాంకులు పెట్టినా, ఉత్కృష్ట్ రంగు వేసి ట్యాంకులు మరిచినా తెలిసినవాళ్ల కళ్లు అక్కడే ఆగుతాయి. నంబరు కూడా అంతే, ఐదంకెల నంబర్లో మొదటి రెండు పెట్టె తయారైన సంవత్సరం, దానికి రంగు సరిపోవాలి. గమ్యం బోర్డుల మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ రాయించండి. ఆ సైజులో చదవలేం, కానీ తెలుగు అక్షరాల గుండ్రదనం తెలుస్తుంది, నారాయణాద్రికి ఆ బోర్డు లేకపోతే అది మన రైలు కాదు.

స్ప్రే పని మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తగ్గించుకోండి. ఈశాన్య రుతుపవనాల వానల్లో గాలిలో తేమ ఎక్కువై ల్యాకర్ రంగు మసకేసి తెల్లబడుతుంది. ఎండ బాగా ఉన్న జనవరి, ఫిబ్రవరి నాకు చాలా అనుకూలం. త్రీడీ ప్రింట్ చేయించిన పీఎల్‌ఏ ప్లాస్టిక్ ముక్కలు ఉంటే మే నెలలో కారులోనో రేకుల గదిలోనో వదిలేయొద్దు, 60 డిగ్రీల దగ్గర అది మెత్తబడి వంగిపోతుంది. ముగింపులో కింది ట్రాలీలకు తుప్పు రంగు పలుచగా, పక్క గోడల అడుగున సుద్ద పొడిలో మన ఎర్ర మట్టి రంగు కొంచెం రుద్దితే చాలు. ఎక్కువ పూసి పాడు చేయకండి, తిరుపతిలో పెట్టెలు రోజూ కడుగుతారు కాబట్టి పైభాగం శుభ్రంగానే ఉంటుంది.

ఒకటి రెండు పెట్టెలు, ఒక బాక్స్‌ఎన్ వ్యాగన్ అయ్యాక డబ్ల్యూఏపీ-7కు రండి. పొడవు 20,562, అంటే 236 మి.మీ. మెకానిజం సొంతంగా చేయకండి, ఆరు ఇరుసుల రెడీమేడ్ ఇంజిన్ కింది భాగం కొని, దాని మీదికి బాడీ మీరు కట్టండి. కొనేటప్పుడు పేరు చూసి కాదు, ట్రాలీల మధ్య దూరం, ఇరుసుల మధ్య దూరం కొలిచి ఎంచుకోండి. పాత డీజిల్ డబ్ల్యూడీఎం-2 చేయాలనిపిస్తే ఒక్క విషయం గుర్తుంచుకోండి: దాని ట్రాలీలో మూడు ఇరుసులు సమాన దూరంలో ఉండవు, రెండు దగ్గరగా, ఒకటి కాస్త దూరంగా ఉంటాయి. ఆల్కో (అమెరికా కంపెనీ) ఇంజిన్ల పాత మోడల్స్‌లో ఆ రకం ట్రాలీ దొరుకుతుంది. మీ పెట్టె గోడలు కోశాక, రంగు వేయకముందే, పక్కనుంచి తిన్నగా తీసిన ఫోటో ఒకటి ఇక్కడ పెట్టండి, కిటికీల వరస, ఎత్తు చూసి చెప్తాను, రంగు పడ్డాక సరిచేయడం కష్టం.