27 ఎంఎం లెన్స్ తీసుకోవాలా, 23 ఎంఎం తీసుకోవాలా అన్న మీ ప్రశ్నకు

ఫ్యూజీ ఎక్స్ మౌంట్ కెమెరా ఉంది, రోజూ వెంట ఉంచుకోవడానికి ఒక చిన్న ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) కావాలి, ఇంట్లో పిల్లల ఫోటోలే ఎక్కువ, 27 ఎఫ్/2.8 డబ్ల్యూఆర్ (తడిని తట్టుకునేది) మంచిదా 23 ఎఫ్/2 మంచిదా, ఇదే కదా మీరడిగింది. ముందు కెమెరాతో పాటు వచ్చిన మీ కిట్ జూమ్‌తో తీసిన పాత ఫోటోలు తెరిచి ఎంత వెడల్పుగా తీశారో చెప్పే ఎంఎం అంకెలు, అంటే ఫోకల్ లెంగ్త్‌లు చూడండి. ఎక్కువ శాతం 18, 24 మధ్యే ఉంటే 27 మీకు ఇరుకుగా అనిపిస్తుంది, అప్పుడు అది ఎంత బుల్లిగా ఉన్నా లాభం లేదు. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న కెమెరాల) లెక్కలో 23 అంటే 35, 27 అంటే సుమారు 40.

సైజులో 27కి పోటీ లేదు. 84 గ్రాములే, బాడీకి మూత పెట్టినట్టు ఉంటుంది. 23 బరువు 180 గ్రాములు, అదీ పెద్ద బరువేం కాదు గానీ ముందుకు పొడుచుకొస్తుంది.

కానీ రాత్రిపూట ఇంట్లో, అదీ పిల్లల్ని తీయాలంటే నేను 23 వైపే మొగ్గుతాను. ఎఫ్/2.8 కంటే ఎఫ్/2లో రెట్టింపు వెలుతురు వస్తుంది, అంటే ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ సున్నితత్వం) 6400 పెట్టాల్సిన చోట 3200తో సరిపోతుంది. పైగా 27లో ఫోకస్ చేసేటప్పుడు లోపలి గొట్టం ముందుకూ వెనక్కూ కదులుతుంది, కాస్త చప్పుడు, కాస్త నిదానం. పరిగెత్తే పిల్లల దగ్గర అది చిరాకే. 23 అయితే 22 సెంటీమీటర్ల దగ్గర్నుంచి కూడా ఫోకస్ అవుతుంది, 27కి 34 కావాలి. (అంత దగ్గర ఎఫ్/2లో కొంచెం మెత్తగా వస్తుంది, ఎఫ్/4కి తిప్పేయండి.)

పగలు వీధుల్లో తిరుగుతూ తీసేదే ఎక్కువైతే మాత్రం ఇంకేం ఆలోచించకుండా 27. సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఒకటి చూసుకోండి, 2013లో వచ్చిన మొదటి 27కి అపర్చర్ రింగ్ (ఎఫ్ అంకె మార్చే వలయం) లేదు, తడి నుంచి రక్షణా లేదు, 2021 నాటి దానికే అవి రెండూ ఉన్నాయి.