పాటీ సీటు కంటే ముందు మలబద్ధకం సంగతి

ప్రశ్న: మా బాబుకు 22 నెలలు. జూన్‌లో ప్లేస్కూల్లో చేర్చాలనుకుంటున్నాం. డైపరు లేకుండా ఉండగలిగితేనే చేర్చుకుంటామని వాళ్లు చెప్పారు. తన పిల్లలందరికీ ఏడాది నిండేసరికే అలవాటైపోయిందనీ, డైపర్ల వల్లనే ఇప్పటి పిల్లలకు ఆలస్యమవుతోందనీ మా అత్తగారు అంటారు. పాటీ సీటు కొని తెచ్చాం గానీ కూర్చోబెడితే ఏడ్చి లేచిపోతున్నాడు. మూడు నాలుగు రోజులకొకసారి, అదీ తలుపు వెనకాల నిలబడి, ముఖం ఎర్రబడేలా ముక్కి డైపరులోనే వెళ్తాడు. మలం గట్టిగా ఉంటుంది. అన్నం సరిగా తినడు, సీసాతో పాలు మాత్రం రోజుకు నాలుగైదుసార్లు తాగుతాడు. ఈ అలవాటు ఎలా మొదలుపెట్టాలి?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు ఉత్తరం చివర్లో రాసిన నాలుగు మాటలే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించాయి. గట్టిగా, ముక్కుతూ వెళ్లాల్సివచ్చే పిల్లవాడికి మలవిసర్జన అంటే నొప్పి అనే తెలుసు. ఆ నొప్పికి భయపడి బిగబట్టుకుంటాడు. బిగబట్టిన కొద్దీ పెద్దపేగు మలంలోని నీటిని పీల్చేస్తుంది, మలం ఇంకా గట్టిపడుతుంది, మరుసటిసారి నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. ఈ స్థితిలో బలవంతంగా కూర్చోబెడితే ఆ నొప్పికీ సీటుకీ బాబు మనసులో ముడి పడిపోతుంది. కాబట్టి సీటును కొన్నాళ్లు పక్కన పెట్టి, ముందు మలబద్ధకం తగ్గించండి. మీరు చేయవలసిన సన్నాహంలో సగానికి పైగా ఇదే.

పాలతో మొదలుపెట్టండి. ఈ వయసులో రోజుకు సుమారు 400 నుంచి 500 మిల్లీలీటర్ల పాలు సరిపోతాయి. అంతకు మించి తాగితే కడుపు పాలతోనే నిండి అన్నం సహించదు, ఆహారంలో పీచు తగ్గుతుంది, రక్తంలో ఇనుము కూడా తగ్గే ప్రమాదం ఉంది. సీసా మాన్పించి గ్లాసు అలవాటు చేస్తే పాలు వాటంతటవే తగ్గుతాయి. పాలకూర పప్పు, మెత్తగా ఉడికించిన చిక్కుడు, బొప్పాయి, బాగా పండిన జామ, నానబెట్టి మెదిపిన ఎండుద్రాక్ష వంటివి రోజూ ఏదో ఒక రూపంలో అందించండి, మధ్యమధ్య మంచినీళ్లు పట్టండి. అయితే ఇన్నాళ్లుగా బిగబట్టుకుంటున్న పిల్లలకు ఆహారం మార్పు ఒక్కటే చాలదు. పిల్లల డాక్టరుకు చూపిస్తే మలాన్ని మెత్తపరిచే సిరప్పో పొడో ఇస్తారు. వారం రోజుల్లో సాఫీగా అయిందని మందు ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. సాధారణంగా దాన్ని నెలల తరబడి వాడి, డాక్టరు చెప్పినట్లు నెమ్మదిగా తగ్గించాలి. ఇది అలవాటుపడిపోయే మందు కాదు. ఇళ్లల్లో చేసే ఆముదం పట్టడం, సబ్బుముక్కో తమలపాకు తొడిమో పెట్టడం మాత్రం దయచేసి చేయకండి. లోపలి సున్నితమైన పొర దెబ్బతినడమే కాదు, పిల్లవాడి భయం రెట్టింపవుతుంది.

మీ అత్తగారి మాటను కొట్టిపారేయకండి. పూర్వం పాదాల మీద కూర్చోబెట్టుకుని, ‘ఉస్స్’ మని శబ్దం చేస్తూ, పాలు తాగిన వెంటనే, నిద్ర లేచిన వెంటనే పట్టేవారు. అక్కడ వేళ కనిపెట్టింది పెద్దవాళ్లే. తనంతట తాను ఆపుకోవడం, చెప్పి వెళ్లడం చాలామంది పిల్లలకు ఏడాదిన్నర దాటాకే మొదలై, మూడేళ్ల ప్రాంతంలో గానీ స్థిరపడదు. కానీ ఆ వేళ కనిపెట్టే నేర్పు మీకు ఇప్పుడు చాలా అవసరం. కడుపులో ఆహారం పడగానే పెద్దపేగులో కదలిక పెరుగుతుంది కనుక, తిన్న పావుగంట, ఇరవై నిమిషాల తర్వాత కూర్చోబెట్టడం అన్నిటికన్నా మంచి సమయం. ఈ పని ఆవిడకే అప్పగించండి.

బాబు తలుపు వెనక్కి వెళ్తున్నాడంటే మలం వస్తున్న సంగతి ముందే తెలుస్తోందన్నమాట, అది మంచి సూచన. తిట్టి బయటికి లాగవద్దు. డైపరు రెండు గంటలు పొడిగా ఉంటోందా, తడిస్తే చెబుతున్నాడా, నిక్కరు కిందికి లాక్కోగలడా, ‘చెప్పులు తెచ్చి ఇక్కడ పెట్టు’ వంటి మాట విని చేస్తున్నాడా అన్నది ఒక వారంపాటు గమనించండి.

మలం మెత్తబడి, నొప్పి లేకుండా కొన్ని వారాలు గడిచాక సీటును మళ్లీ బయటికి తీయండి. మొదట బట్టలతోనే, ఆటలో భాగంగా కూర్చోనివ్వండి. పాదాలు నేలకు గట్టిగా ఆనాలి. కమోడ్ మీద బిగించే సీటయితే కాళ్ల కింద పీట వేయండి. కాళ్లు వేలాడుతుంటే పిల్లలు సరిగా ముక్కలేరు, పడిపోతామన్న భయం కూడా ఉంటుంది. ఐదు నిమిషాలు చాలు, వెళ్లకపోయినా లేపేయండి. చేతికి ఫోను ఇచ్చి కూర్చోబెట్టడం నాకు సుతరామూ ఇష్టం లేదు, శరీరం చెప్పేది వినడమే కదా బాబు నేర్చుకోవలసింది! జిప్పులు, బొత్తాలు లేని ఎలాస్టిక్ నిక్కర్లు ఎక్కువ కొనండి. వేసవిలో ఇంట్లో డైపరు లేకుండా తిప్పడం తేలికే గానీ, తడుపుతాడని నీళ్లు తగ్గించకండి. మధ్యలో నిక్కరు పాడుచేసుకుంటే మాట అనకుండా కడిగి మార్చండి. రాత్రి డైపరు ఇప్పట్లో తీయనక్కర్లేదు, ఐదేళ్ల లోపు పిల్లలు నిద్రలో తడపడం జబ్బు కాదు.

మలంలో రక్తం, పొట్ట ఉబ్బడం, వాంతులు, బరువు పెరగకపోవడం, మూత్రం చుక్కలుగా కారుతూనే ఉండడం, పోసేటప్పుడు ఏడవడం వంటివి ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పండి.

ఇక జూన్ గడువు సంగతి. మలబద్ధకం కుదుటపడటానికే నెలలు పట్టవచ్చు. స్కూలు వారితో మాట్లాడి, చికిత్స జరుగుతోందని చెప్పి, రెండు జతల బట్టలు పంపుతామని, తడిస్తే ఆయమ్మ మార్చాలని అడగండి. అందుకు ఒప్పుకోకపోతే, పిల్లవాణ్ణి తొందరపెట్టే బదులు దసరా సెలవుల తర్వాత చేర్చండి.