కోసే ఎంజైమును తాళంచెవి అనకు

అమ్మా,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ మూడో పేరా దగ్గరే ఆగిపోయాను. 'థ్రాంబిన్ తాళంచెవిలా గ్రాహకంలో ఇమిడి ఉపకళా కణాన్ని మేల్కొలుపుతుంది' అని రాశావు. ఈ ఉత్తరం ముఖ్యంగా ఆ వాక్యం కోసమే.

థ్రాంబిన్ ఇమడదు, కోస్తుంది. రక్తంలో ఫైబ్రినోజెన్‌ను కోసి గడ్డకట్టే పోగులుగా మార్చే ఆ ఎంజైమే, కణపొర మీద సంకేతాలను అందుకునే ప్రోటీనైన పార్-1 గ్రాహకం కొసనూ కోస్తుంది. ఆ ప్రోటీను గొలుసు 41వ అమైనో ఆమ్లం తర్వాత తెగుతుంది. అప్పుడు బయటపడిన కొత్త కొస వంగి, అదే గ్రాహకంలో కూర్చుంటుంది. అంటే తాళంచెవి మొదటినుంచీ గ్రాహకం ఒంటిలోనే ఉంది! 1991లో వెల్లడైన ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తాళం ఎన్నిసార్లయినా తీయవచ్చు. తెగిన కొస మాత్రం మళ్లీ అతకదు. ఆ గ్రాహకం ఒక్కసారే పలుకుతుంది. తర్వాత కణం దాన్ని లోపలికి లాక్కుని, లైసోజోములు అనే జీర్ణ సంచులలో అరిగించేస్తుంది. నీ ఉపమానంలో ఇదంతా మాయమైంది.

క్రియాపదం తప్పితే విజ్ఞాన వ్యాసం మొత్తం తప్పుతుంది. నా తొలి వ్యాసంలో 'కోస్తుంది' అన్నచోట ఒక సంపాదకుడు 'ప్రేరేపిస్తుంది' అని దిద్దారు, పాఠకులు బెదురుతారట. నేను ఎదురు చెప్పలేదు. అచ్చయ్యాక ఒక అధ్యాపకురాలు కార్డు రాశారు: 'ప్రేరేపిస్తుంది సరే, ఎలా?' జవాబు నా చిత్తుప్రతిలో ఉంది, పత్రికలో లేదు. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఊపిరితిత్తుల ఉపకళ, అంటే లోపలి గోడలను కప్పే కణాల పొర గురించి రెండే వాక్యాలతో సరిపెట్టావు. అక్కడ పార్-1 తెగితే కణం లోపలి ఆక్టిన్ పోగులు బిగుస్తాయి. ఆ బిగువుకు కణాన్ని పరిసరాలకు పట్టి ఉంచే కణపొర మీది ఇంటెగ్రిన్, బయట కట్టుబడి ఉన్న టీజీఎఫ్-బీటా అనే ప్రోటీనును లాగి విడిపిస్తుంది. కణజాలంలో మచ్చ కట్టించే సంకేతం అది. గాయాన్ని మూసే ఎంజైమే మచ్చకూ దారి తీయగలదు. నీ కథ ఉన్నది అక్కడే.

గీసుకున్న చర్మంతో మొదలుపెట్టిన తీరు నచ్చింది. ఏ పత్రికకు పంపాలో తర్వాత చూద్దాం.

మూడో పేరా తిరగరాయి. పార్-1కు సోదర గ్రాహకమైన పార్-2ను థ్రాంబిన్ కోయదు, గడ్డకట్టే క్రమంలో థ్రాంబిన్ కంటే ముందుండే పదో కారకం అనే ఎంజైము కోస్తుంది. రెండింటినీ నువ్వు ఒకే గాట కట్టావు, విడదీసి పంపు.

ఆశీస్సులతో,
నీ పాత పాఠకుడు