అమ్మకాలు పెరుగుతున్న ఫోన్ల కంపెనీలో పొదుపంతా పెట్టవచ్చా?

ప్రశ్న: మొబైల్ ఫోన్లు తయారు చేసే ఒక కంపెనీ అమ్మకాలు రెండేళ్లుగా ఏటా 40 శాతం చొప్పున పెరుగుతున్నాయి. మా అమ్మాయి పైచదువుల కోసం మూడేళ్ల తర్వాత అవసరమయ్యే సొమ్మును ఆ కంపెనీ షేర్లలో పెట్టాలనుకుంటున్నాను. ఇది సరైన నిర్ణయమేనా?

జవాబు: కంపెనీ ఎంత మంచిదైనా, మూడేళ్లలో తప్పనిసరిగా కావలసిన చదువు సొమ్మును ఒకే షేరులో పెట్టవద్దని ముందుగా గట్టిగా చెబుతున్నాను. ఫీజు కట్టవలసిన రోజు వాయిదా పడదు, పడిపోయిన షేరు ధర ఆ రోజుకల్లా కోలుకుంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ఆ సొమ్ముకు బ్యాంకు డిపాజిట్లు, స్వల్పకాలిక రుణ పథకాలు (బాండ్ల వంటి రుణపత్రాల్లో పెట్టుబడి పెట్టే మ్యూచువల్ ఫండ్లు) తగిన చోట్లు.

ఇక కంపెనీ విషయం. 40 శాతం వృద్ధి ఆకట్టుకునే అంకే అయినా, ఫోన్ల వ్యాపారంలో అమ్మకాల వృద్ధి ఒక్కటే చూస్తే మోసపోయే అవకాశం ఎక్కువ. తయారీ కంపెనీ సాధారణంగా పంపిణీదారుకు సరుకు అప్పగించగానే దాన్ని అమ్మకంగా లెక్కలో చూపుతుంది. ఆ ఫోను వినియోగదారు చేతికి చేరిందా, దుకాణంలోనే ఉండిపోయిందా అన్నది ఆ అంకె చెప్పదు. అందుకే పంపిణీదారుల నుంచి రావలసిన బకాయిలు అమ్మకాలకంటే వేగంగా పెరుగుతున్నాయేమో తప్పక చూడండి.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. అమ్మకాలు 100 నుంచి 140కి పెరిగాయి, నికర లాభం 7 అని నివేదికలో ఉంది. అదే ఏడాది గోదాములలోని నిల్వలు 10, రావలసిన బకాయిలు 9 పెరిగి, విడిభాగాల సరఫరాదారులకు చెల్లించవలసినది 6 మాత్రమే పెరిగిందనుకుంటే, తరుగుదల (యంత్రాల వంటి ఆస్తుల విలువలో ఏటా తగ్గించి చూపే మొత్తం) వంటివి పక్కన పెట్టినప్పుడు, వ్యాపారం నుంచి నగదు రాకపోగా 6 లోటు (7 - 10 - 9 + 6) పడుతుంది. కాగితం మీద లాభం ఉన్నా, ఆ లోటును అప్పుతోనో, కొత్త షేర్ల జారీతోనో, పాత నిల్వ సొమ్ముతోనో పూడ్చుకోవాలి. కొత్త షేర్లు జారీ చేస్తే మీ వాటా పలచబడుతుంది. ఒకటి రెండేళ్లు ఇలా జరగడం ఎదుగుతున్న కంపెనీకి సహజమే కానీ, ఏటా ఇదే తీరైతే ఆ ఎదుగుదలకు ఎవరు డబ్బు చెల్లిస్తున్నారో ఆలోచించాలి.

నిల్వల గురించి మరికొంత చెప్పాలి, ఎందుకంటే ఫోను త్వరగా పాతబడే సరుకు. కొత్త మోడల్ రాగానే పాతదాని ధర తగ్గించక తప్పదు, కాబట్టి నిల్వలో ఉన్న ప్రతి నెలా లాభాన్ని కొంత తినేస్తుంది. ఏడాది చివరి నిల్వల విలువను అమ్మిన సరుకు వ్యయంతో భాగించి 365తో గుణిస్తే, నిల్వ ఎన్ని రోజులకు సరిపడా ఉందో తెలుస్తుంది. ఆ రోజుల సంఖ్య ఏటేటా పెరుగుతుంటే జాగ్రత్త పడండి.

వృద్ధి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసుకోండి. ధరలు తగ్గించి ఎక్కువ ఫోన్లు అమ్మితే మొత్తం అమ్మకాలు పెరుగుతూనే స్థూల లాభ శాతం (అమ్మకాల్లో సరుకు వ్యయం పోగా మిగిలే శాతం) కుంగిపోవచ్చు. ఆపిల్ పరికరాల మీదకంటే సేవల మీద చాలా ఎక్కువ స్థూల లాభ శాతం పొందుతుంది. ఫోన్లు మాత్రమే అమ్మే కంపెనీకి ఆ ఆసరా ఉండదు.

మార్కెట్‌లో పెద్ద వాటా ఉన్నంత మాత్రాన రక్షణ లేదని ఈ రంగం చరిత్రే చూపుతోంది. 2007లో ప్రపంచంలో అమ్ముడైన ప్రతి పది ఫోన్లలో దాదాపు నాలుగు నోకియావి. 2014లో ఆ ఫోన్ల విభాగం మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది. కొన్నేళ్ల వరుస నష్టాల తర్వాత ఎల్‌జీ 2021లో ఫోన్ల వ్యాపారం నుంచే తప్పుకుంది.

చదువు సొమ్మూ, ఆరు నెలల ఇంటి ఖర్చులకు సరిపడా నిల్వా పక్కన పెట్టాక ఇంకా మిగిలితే, ఆ మిగులులో 5 శాతానికి మించకుండా ఈ షేరును పరిశీలించవచ్చు. కొనే ముందు గత ఐదేళ్ల వార్షిక నివేదికలు తెరిచి, వ్యాపారం నుంచి వచ్చిన నగదును నికర లాభం పక్కన ఏడాదివారీగా రాసుకోండి. ఐదేళ్లలో మూడేళ్లయినా నగదు లాభానికి దగ్గరగా లేకపోతే కొనకండి.