కలుపుగోలుతనం అలుసవుతుందా?

ప్రశ్న: మిర్యాలగూడలో నాన్నగారి రైస్ మిల్లు బాధ్యత ఈ ఏడాది నా చేతికి వచ్చింది. హమాలీలతో, రైతులతో కలుపుగోలుగా ఉంటే అలుసైపోతావని బాబాయి అంటున్నారు. నిజమేనా?

జవాబు: మీ బాబాయిగారి భయం కొంతవరకు సహేతుకమే, అడిగినవారికల్లా అడ్వాన్సు ఇచ్చే యజమానిని అందరూ మెచ్చుకుంటారు గాని, ఆ మెప్పుతో మిల్లు నడవదు. అయితే సాగర్ ఎడమ కాలువ కింది వడ్లన్నీ ఒక్కసారిగా మిల్లుల ముందు బారులు తీరే కోతల కాలంలో, ఫలానా లోడులో అడుగు వడ్లు తడిగా ఉన్నాయని ముందే వచ్చి చెప్పేది మీరంటే ఇష్టమున్న హమాలీయే. భయపడేవాడు దించేసి ఊరుకుంటాడు. ప్రభుత్వ కొనుగోళ్లకు పెట్టిన 17 శాతం పరిమితిని తేమ దాటిందని ధర తగ్గించవలసి వస్తే, మీటరును రైతు చేతికే ఇచ్చి చూసుకోమనండి. ఆయన ఎంతసేపు వాదించినా విసుక్కోకండి, ధర మాత్రం మార్చకండి. హమాలీ కూలి ఏ రోజుకారోజు లెక్కతేల్చండి. నన్నడిగితే, చిరునవ్వుకంటే ముందు చూడవలసింది అదే.