బండిలో ఫ్రిజ్ పెట్టేముందు కరెంటు లెక్క చూసుకోండి

వేసవి సెలవులు దగ్గర పడేసరికి బండ్ల మీద ఉత్తరాలు ఎక్కువయ్యాయి. పాత ట్రావెలర్లు, వ్యాన్లు కొని లోపల మంచం, స్టవ్, ఫ్రిజ్ పెట్టించుకుని కుటుంబంతో తిరిగొద్దామనుకునేవాళ్లు మన శ్రీకాకుళం, విజయనగరం వైపు కూడా బాగానే ఉన్నారని వీటిని చూస్తే తెలుస్తోంది. అందుకే ఈసారి ఫ్రిజ్ ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాను.

ప్రశ్న: సార్, మాది శ్రీకాకుళం. పాత ట్రావెలర్ కొని వెనక సీట్లు తీయించి ఇల్లులా చేయిస్తున్నాం. ఇంట్లో 190 లీటర్ల ఫ్రిజ్ ఒకటి ఖాళీగా ఉంది, ఇన్వర్టర్ పెట్టి దాన్నే బండిలో ఎక్కించేద్దామని మా బావమరిది అంటున్నాడు. 12 వోల్టుల ఫ్రిజ్ ధర వింటే గుండె గుభేలుమంది. ఆన్‌లైన్లో తక్కువ ధరకి చిన్న కూలర్ బాక్సులు కనిపిస్తున్నాయి, అవి సరిపోతాయా?

జవాబు: ముందు కూలర్ బాక్సు సంగతి తేల్చేద్దాం. ఆ చవక పెట్టెల్లో కంప్రెసర్ ఉండదు, చిన్న ఎలక్ట్రానిక్ ప్లేటు, ఫ్యాను ఉంటాయి అంతే. బయటి వేడి కంటే సుమారు 18, 20 డిగ్రీలు తగ్గించగలవు, అంతకు మించి వాటి వల్ల కాదు. మే నెలలో ఎండలో ఆగిన బండి లోపల 40 దాటితే పెట్టెలో 20 పైనే ఉంటుంది. నీళ్ల సీసాలు చల్లగా ఉంటాయేమో గానీ పాలు, చేపలు, పెరుగు ఆ వేడిలో పాడైపోతాయి. పైగా అది ఆగకుండా నడుస్తూనే ఉంటుంది కాబట్టి బ్యాటరీని మంచి ఫ్రిజ్ కంటే ఎక్కువే తాగుతుంది. వద్దు.

ఇంటి ఫ్రిజ్ మాట కొట్టిపారేసేది కాదు, చాలామంది వాడుతున్నారు. కానీ అందులో కనిపించని ఖర్చు ఇన్వర్టర్‌ది. ఫ్రిజ్ ఆగి ఉన్నా ఇన్వర్టర్ ఆన్‌లో ఉన్నంతసేపూ తనకోసం 10 నుంచి 20 వాట్లు లాగుతూనే ఉంటుంది, రోజంతా కలిపితే అది 240 నుంచి 480 వాట్-అవర్లు (వెయ్యి వాట్-అవర్లు కలిస్తే ఒక కరెంటు యూనిట్), అంటే ఒక చిన్న ఫ్రిజ్ తిండిలో దాదాపు సగం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే. పాత రకం కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో మామూలుగా లాగే దానికి ఎన్నో రెట్లు లాగుతుంది, దానికోసం పెద్ద ప్యూర్ సైన్ వేవ్ (ఇంటికి వచ్చే కరెంటులాంటిదే ఇచ్చే) ఇన్వర్టర్ కొనాలి, అక్కడికి మిగిలిందనుకున్న డబ్బు కాస్తా అయిపోతుంది. ఇంకోటి, ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఆ మలుపుల్లో ఇంటి ఫ్రిజ్ తలుపు తెరుచుకోకుండా పట్టుకునే గొళ్లెం దానికి ఉండదు. లోపలి గాజు అరలూ, వెనక గొట్టాలూ గంటల తరబడి కుదుపులకు తయారైనవి కావు.

నా సలహా 40, 50 లీటర్ల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్. నడిచేటప్పుడు సుమారు 45 వాట్లు లాగుతుంది అనుకోండి. మన వేసవిలో సగం కంటే కొంచెం ఎక్కువ సమయం నడుస్తుందని లెక్క వేస్తే రోజుకి 600 వాట్-అవర్లు, అంటే 12 వోల్టుల దగ్గర 50 ఆంపియర్-అవర్లు (ఏహెచ్). మిగతా కొనుగోళ్లన్నీ ఈ అంకె చుట్టూ తిరగాలి. 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో సుమారు 1,280 వాట్-అవర్లు ఉంటాయి, లైట్లు, ఫ్యాన్లు కలుపుకొని ఎండ లేకుండా ఒకటిన్నర రోజు లాగుతుంది. 150 ఏహెచ్ ట్యూబులర్ (ఇంటి ఇన్వర్టర్లకు వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీ) అయితే అంకె పెద్దగా కనిపిస్తుంది గానీ సగం కంటే కిందికి దించితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది, కాబట్టి చేతికి అందేది 900 వాట్-అవర్లు మాత్రమే. పైన 200 వాట్ల సోలార్ ప్యానెల్ పెడితే మంచి ఎండలో రోజుకి 700, 800 వాట్-అవర్లు రావచ్చు. ఎండ కాస్తోంది కదా అని బారువ తీరంలో కొబ్బరి చెట్ల నీడన బండి ఆపితే అది బాగా పడిపోతుంది, ప్యానెల్‌లో ఒక మూల మీద నీడ పడినా దెబ్బే.

ఫ్రిజ్‌ని బీరువాలో బిగించినట్టు నాలుగు వైపులా చెక్కతో మూసేయకండి. దాని వేడి బయటికి పోవడానికి కింద ఒక జాలీ, పైన ఒక జాలీ ఉండాలి. ఈ ఒక్క పని చేయకపోతే నేను పైన చెప్పిన లెక్కలన్నీ తప్పిపోతాయి. అలాగే సీట్లు తీసి బండి రూపం మార్చేముందు రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్సీలో మార్పు రాయించుకోండి, లేదంటే ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్స్ దగ్గర పేచీ వస్తుంది.

ప్రశ్న: అన్నా, నాది బొబ్బిలి. వ్యాన్లో 12 వోల్టుల ఫ్రిజ్ పెట్టాను, బ్యాటరీ కొత్తది, మీటర్ పెడితే 12.6 చూపిస్తోంది. అయినా ఫ్రిజ్ కాసేపు నడిచి బ్యాటరీ తక్కువగా ఉందని ఎర్రలైటు వెలిగించి ఆగిపోతోంది. డాష్‌బోర్డు నుంచి లైటర్ సాకెట్‌కి వైరు లాగి వెనక్కి ఇచ్చారు. కంపెనీ ఫ్రిజ్ పాడైందంటావా?

జవాబు: ఫ్రిజ్‌ని తిట్టకు తమ్ముడూ, నాకు వైరు మీదే అనుమానం. ఆ పని ఇలా చూసుకో. ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు మీటర్ ఒకసారి బ్యాటరీ టెర్మినళ్ల మీద పెట్టు, వెంటనే ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర పెట్టు. రెండింటి మధ్య తేడా అర వోల్టు దాటితే దొంగ దొరికినట్టే. బ్యాటరీ నుంచి ఫ్రిజ్‌కి 6 మీటర్లు అనుకుంటే కరెంటు పోయి రావాలి కాబట్టి వైరు 12 మీటర్లు. 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో 5 ఆంపియర్లు నడిస్తే 0.7 వోల్టు దారిలోనే పోతుంది. కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. అదే 6 స్క్వేర్ ఎంఎం వేస్తే పోయేది 0.2 కూడా ఉండదు. ఫ్రిజ్ తన దగ్గరికి వచ్చిన వోల్టేజీనే చూస్తుంది, బ్యాటరీ దగ్గర ఎంతుందో దానికేం తెలుసు.

ఇప్పుడు ఆ లైటర్ సాకెట్ ప్లగ్గు బయటికి లాగి చూడు. గంట నడిచాక కొన పట్టుకోలేనంత వేడిగా ఉందా? పక్కన ప్లాస్టిక్ కొంచెం గోధుమ రంగు తిరిగిందా, లోపలి స్ప్రింగ్ వదులైందా? బండి కుదుపుకి ఆ పిన్ను లూజవుతుంది, లూజైన చోట వేడి పుడుతుంది, వేడికి ఇంకా లూజవుతుంది. పరుపు పక్కన, కర్టెన్ కింద ఇది రాత్రంతా జరుగుతూ ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆ సాకెట్ ఫోన్ చార్జింగ్‌కి వదిలేయ్. ఫ్రిజ్‌కి నేరుగా బ్యాటరీ నుంచి విడి వైరు, ప్లస్సూ మైనస్సూ రెండూ, లాగించు. మైనస్‌ని బాడీకి తగిలించేసి వదిలేయడం మెకానిక్‌కి సులువే, కానీ తుప్పు పట్టిన బోల్టు దగ్గర మళ్లీ అదే తంటా.

ఫ్యూజ్ గురించి గట్టిగా చెప్తాను, ఎందుకంటే దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లే ఎక్కువ. ఫ్యూజ్ ఫ్రిజ్‌ని కాపాడటానికి కాదు, వైరు అంటుకోకుండా ఆపడానికి. అందుకే అది బ్యాటరీ ప్లస్ పక్కనే, జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్రిజ్ దగ్గర పెడితే మధ్యలో ఉన్న 6 మీటర్ల వైరుకి కాపలా లేనట్టే. ఎంత ఫ్యూజో ఫ్రిజ్ పుస్తకంలో ఉంటుంది, సాధారణంగా 10 లేదా 15 ఆంపియర్లు. అది పోయినప్పుడు పెద్దది వేయడం, రాగి తీగ చుట్టేయడం చేశావంటే తర్వాత కాలేది వైరే. లిథియం బ్యాటరీ షార్టయితే ఒక్క క్షణంలో వేల ఆంపియర్లు వదలగలదు, దాని మీద మెయిన్ ఫ్యూజ్ వేరే ఉండాలి. ఇంటి ఏసీ (ఆల్టర్నేటింగ్) కరెంటుకి వాడే ఎంసీబీని, అంటే లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చిని, బ్యాటరీ నుంచి వచ్చే డీసీ కరెంటు లైనులో పెట్టించకు, తెరుచుకునేటప్పుడు లోపల పుట్టే నిప్పురవ్వ ఆరకుండా నిలిచిపోవచ్చు. డీసీకి పనికొస్తుందని దాని మీద రాసి ఉండాలి.

కళింగపట్నం, భావనపాడు వైపు తరచూ వెళ్తుంటే ఉప్పుగాలికి వైరు కొనలకు బిగించే లగ్గులు పచ్చబడతాయి. కళాయి పూసిన లగ్గులు వాడి సరైన పనిముట్టుతో క్రింప్ చేయించు, కట్టింగ్ ప్లేయర్‌తో నొక్కేయడం చాలదు, పైన కొంచెం వాజలిన్ రాయి.

ప్రశ్న: బండి నడుస్తుంటే ఇంజిన్ నుంచే రెండో బ్యాటరీ చార్జ్ చేసుకోవచ్చా? మా మెకానిక్ రెండిటినీ ఒక వైరుతో కలిపేస్తే చాలంటున్నాడు. (విజయనగరం)

జవాబు: కలిపేస్తే రాత్రి ఫ్రిజ్ రెండు బ్యాటరీలనూ తాగేసి పొద్దున్న బండి స్టార్టవ్వదు. రెండోది లిథియం అయితే ఇంకో ప్రమాదం కూడా ఉంది, అది దొరికినంత కరెంటు లాగేస్తుంది, నెమ్మదిగా నడుస్తున్న ఇంజిన్ మీద ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) కాలిపోయేంత వేడెక్కుతుంది. మధ్యలో 20 లేదా 30 ఆంపియర్ల డీసీ టు డీసీ చార్జర్ పెట్టించండి, రెండో బ్యాటరీకి వెళ్లే కరెంటును అది అదుపులో ఉంచుతుంది. కొన్ని బీఎస్6 బళ్లలో ఆల్టర్నేటర్ వోల్టేజీని కంప్యూటరే తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, వాటికి ఈ చార్జర్ తప్పదు. ట్యూబులర్ బ్యాటరీ పెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, చార్జింగ్‌లో దాన్నుంచి హైడ్రోజన్ వస్తుంది, మంచం కింద మూసిన పెట్టెలో వద్దు, గాలి బయటికి పోయే దారి ఉండాలి.

ప్రశ్న: అన్నయ్యగారూ, గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ ఉంటుందట కదా, కరెంటు గొడవే ఉండదు. అమ్మకి ఇన్సులిన్ ఉంది, ప్రయాణంలో చెడిపోకూడదు. (టెక్కలి)

జవాబు: ఉంటుందమ్మా, విదేశీ బళ్లలో చాలాకాలంగా వాడుతున్నారు, గ్యాస్, 12 వోల్టులు, ఇంటి కరెంటు మూడింటి మీదా నడుస్తుంది. అది మన ఎండకి సరిగ్గా సరిపోదు, బండి వాలుగా ఆగితే సరిగ్గా చల్లబడదు. దాని పొగ బయటికే పోవాలి, మీరు పడుకున్న చోటికి వస్తే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తెలిసేలోపే ప్రాణం మీదికి వస్తుంది. వంటగ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. అమ్మగారు ఆ బండిలోనే నిద్రపోతారు కదా, గ్యాస్ ఫ్రిజ్ వద్దు.

వాడని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. చల్లదనం ఎక్కువైనా ప్రమాదమే, ఒకసారి గడ్డకట్టిన మందు మళ్లీ కరిగినా వాడకూడదు. మందుని కంప్రెసర్ ఫ్రిజ్ లోపలి గోడకి ఆనించకండి, గోడ దగ్గర సున్నాకి దిగిపోవచ్చు. గుడ్డ చుట్టి ఒక డబ్బాలో మధ్యలో పెట్టి, ఆ డబ్బాలోనే చిన్న థర్మామీటర్ వేయండి. ఫ్రిజ్ తలుపు మీద కనిపించే అంకెను నమ్మొద్దు, అది వేరేచోట కొలిచింది. వాడుతున్న పెన్ను ఎన్ని రోజులు బయట ఉంచొచ్చో డబ్బా మీద రాసి ఉంటుంది, అర్థం కాకపోతే మందుల షాపులో అడగండి.

ప్రశ్న: మాది పలాస దగ్గర. 2018లో తిత్లీ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. ఇప్పుడు వ్యాన్లో బ్యాటరీ, ఇన్వర్టర్ ఉన్నాయి, తుపాను వస్తే వాటితో ఇంటి ఫ్రిజ్ నడుపుకోవచ్చా?

జవాబు: తప్పకుండా, బండి ఇంటి ముందే ఉంటే అంతకంటే కావలసిందేముంది. అయితే ఒక పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి, ఇన్వర్టర్ నుంచి వైరు తెచ్చి గోడ సాకెట్‌లో గుచ్చి ఇల్లంతటికీ కరెంటు ఇవ్వడం. మీ కరెంటు వెనక్కి లైనులోకి పోతుంది, మీ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర అది మళ్లీ వేల వోల్టులవుతుంది. తుపాను తర్వాత మీ కోసమే స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్ ప్రాణం పోతుంది. బండిలోంచి మంచి మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ తెచ్చి ఫ్రిజ్ ప్లగ్గు నేరుగా దానికే పెట్టండి, దారిలో 30 మిల్లీఆంపియర్ల ఆర్సీసీబీ (షాక్ కొట్టేలా కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) ఉంటే ఇంకా మంచిది, అయితే ఇన్వర్టర్ ఔట్‌పుట్‌లో న్యూట్రల్, ఎర్తింగ్ సరిగ్గా కలిపి ఉంటేనే అది పనిచేస్తుంది, ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకోండి. జనరేటర్ తెస్తే ఇంటి బయట, కిటికీలకు దూరంగా.

తుపాను రోజుల్లో మబ్బు వదలదు, సోలార్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఫ్రిజ్‌ని రోజంతా నడపక్కర్లేదు, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు నడిపి మిగతా సమయం తలుపు తెరవకుండా ఉంచండి. ఫ్రీజర్‌లో ఖాళీ ఉన్న చోటల్లా ముందు రోజే నీళ్ల సీసాలు మెడ వరకు నింపి గడ్డకట్టించి పెడితే, కరెంటు పోయాక ఆ చల్లదనం చాలాసేపు కాస్తుంది. చేపలు, మాంసం మొదట వండేసుకోండి, పాలు మరిగించి పెట్టుకోండి, ఆపైన బ్యాటరీలో మిగిలిందంతా ఫోన్లకీ లైట్లకీ దాచుకోండి.